నేను నిలబడ్డ చేలు

జనవరి 18

ఈ పుస్తకం చదివే అర్హత ఉన్నవాడు లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడికీ చదివే అలవాటు లేదు. అందువల్ల నిర్భయంగా రాస్తున్నాను.

ఆదోని పత్తి వ్యాపారి విశ్వేశ్వరయ్య గారి ఏకైక పుత్రరత్నం రాఘవ్, కడపలో నాలుగేళ్లు చిత్రకళ చదివి, పట్టా పుచ్చుకుని, ఇంటికి తిరిగొచ్చి, ఏ పనీ చేతకానివాడిగా బజారంతటి చేతా ఏకగ్రీవంగా ఎన్నికై, ప్రస్తుతం ఆస్పరి చేలలో నేలకు బొమ్మలు వేస్తూ కాలక్షేపం చేస్తున్నాడు. ఇది శాసనం. ఎవరైనా చెరిపితే కాశీలో గోవును చంపిన పాపాన పోతారు.

చలికాలమంతా నాది బయటి పని. తెల్లవారకముందే స్కూటీకి మూడుకాళ్ల స్టాండు కట్టుకుని పోవడం, ఎండ ముదిరేలోపల అట్ట మీద ఒక చిన్న బొమ్మ వేసుకుని రావడం. వేసవిలో లోపలి పని. ఈ అట్టలు ముందేసుకుని నీడపట్టున పెద్ద బొమ్మలు వేయడం.

ఇవాళ ఒక ఘనకార్యం జరిగింది. ఐదు పొద్దుల నుంచి ఒకే చేనులో నిలబడుతున్నాను. శనగ చేను, వెనక గుట్ట. ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, కుంచె నిలువుగా పట్టి గుట్ట ఎత్తు కొలుస్తుంటే వెనక దగ్గు వినిపించింది. చేను గల ఆసామి. పేరు ఉరుకుందప్ప అట.

"ఐదు దినాల నుంచి సూస్తాండా సార్. ఏం సూస్తాండావు నువ్వు?"

"లోపల సూస్తాండా."

"లోపల ఏముండాది?"

నేను రెండో కన్ను కూడా మూశాను. "నీళ్లు."

"యాడ?"

"ఈ మూడు కాళ్ల నడుమ. నేరుగా కిందికి." వంగి చిటికెడు మట్టి తీసి వాసన చూశాను. శనగపొట్టు వాసన తప్ప మరేమీ లేదు. అయినా మెల్లగా తలాడించాను. "ఎవురికీ సెప్పొద్దు. సర్కారు రహస్యం."

ఆయన నోరు తెరిచాడు, మూశాడు, చేతులు కట్టుకున్నాడు. నా ముఖంలో ఒక్క నరం కదల్లేదు. నా నటజీవితంలో ఇంతకంటే గొప్ప ఘట్టం లేదు.

ఇంటికొచ్చి చెల్లెలు సాయిశ్రీకి అభినయంతో సహా చూపించాను. నవ్వి నవ్వి పొలమారింది. అమ్మ మాత్రం, "పెద్దోళ్లతో ఎకసెక్కాలేందిరా, నీకు బుద్ది ఎప్పుడొస్తాది?" అంది. తేదీ ఇంకా నిర్ణయం కాలేదమ్మా అన్నాను.

జనవరి 19

ఉరుకుందప్ప నాకోసం జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తెచ్చాడు. పల్లెల్లో కళకు ఆదరణ లేదనేవాడు వచ్చి చూసుకోవాలి.

ఫిబ్రవరి 6

కొత్త చేను. ఇన్నాళ్లు తిరిగినందుకు ఇప్పటికి దొరికింది. నల్లరేగడి ఏటవాలుగా దిగుతుంది, చివర ఒక తుమ్మచెట్టు, ఆ వెనక గుట్ట, గుట్ట మీద గాలిమరలు. గాలిమరలు వేయను. అవి మరీ ఈ కాలానివి.

చేను నాగేష్‌ది. నా కంటే ఐదారేళ్లు పెద్ద ఉంటాడేమో. మాటలు తక్కువ. మాటల శాఖ భార్య హులిగమ్మది. వాళ్లకు ఒక జత ఎద్దులున్నాయి. ఒకటి తెలుపు, ఒకటి బూడిద. నా బొమ్మకు ప్రాణం అవే. పేర్లేమిటని అడిగాను.

"పేర్లెందుకప్పా? రా అంటే వస్తాయి, పో అంటే పోతాయి. పేరు పెట్టినోళ్లు అట్ల ఇంటారా?" అని మొగుడి వైపు చూసింది. నాగేష్ నేలచూపులు చూశాడు.

నా సంచీ తగిలించుకోవడానికి చేను మధ్యలో ఒక గొట్టం దొరికింది, మూతి మీద రాయి పెట్టి ఉంది. "అది బోరు. నీళ్లు ల్యావు, దుమ్ము పడింది," అంది హులిగమ్మ. "ఆ తట్టు ఇంగొకటి ఉండాది. దాంట్లోనూ దుమ్మే." రెంటినీ బొమ్మలో వేయలేదు. గొట్టం అందంగా ఉండదు.

పోతుంటే ఆమె అన్న మాట రాసుకోవాలి. నాకు ఇంతవరకూ ఎవరూ ఇంత పెద్ద ప్రశంస ఇవ్వలేదు. "మా చేనిని ఇంతసేపు సూసినోడు ఎవుడూ ల్యాడప్పా. లోను ఇచ్చినాయప్ప కుర్చీలో నుంచే సూసె. పంట ఎండినప్పుడు రాసుకోను వచ్చినాయప్ప కారు దిగకుండ సూసె. నువ్వొక్కడే నిలబడి సూస్తాండేది."

నేను వంగి నమస్కారం చేశాను. నాగేష్ నా వైపు చూడలేదు. నా స్టాండు కాళ్ల వైపు చూస్తున్నాడు. మొహమాటస్తుడు, పాపం.

ఫిబ్రవరి 27

తొమ్మిదింటికే రంగు కుంచె మీద గట్టిపడింది. మెడ వెనక చర్మం వంకాయ రంగుకు తిరిగింది. సూర్యభగవానుడికీ నాకూ మధ్య ఈ ఏటి సంప్రదింపులు విఫలమయ్యాయి.

మార్చి 5

గోడౌన్ ప్రవేశం. ఈ ఏడు పత్తి బేళ్లు చివరి లారీ ఎక్కి వెళ్లిపోయాయి. నాయన తాళంచెవి నా చేతిలో పెట్టి, "పత్తి పాయ, పిచ్చి వచ్చె," అన్నాడు. దీవెనగానే స్వీకరించాను.

నీడ అయితే ఉంది. పైన రేకులు కాబట్టి నీడ కూడా కాలుతోంది. పాత కూలర్ ఒకటి పెట్టుకున్నాను, గాలి కంటే శబ్దం ఎక్కువ. చలికాలం వేసిన అట్టలన్నీ గోడకు ఆనించి వరసగా పెట్టాను. ఎన్ని చేలలో నిలబడ్డానో చూస్తే నాకే గర్వమేసింది. ఆరడుగుల కాన్వాసు బిగించి నాగేష్ చేను మొదలుపెట్టాను.

బయట ఉన్నప్పుడు ఉన్నది వేస్తాం. లోపలికొచ్చాక కావలసింది వేస్తాం. ఇవాళ తుమ్మచెట్టును పది గజాలు కుడికి జరిపాను. ఒక్క ఆకు రాలలేదు.

మార్చి 11

ఎమ్మిగనూరు నుంచి మా మిత్రుడు మధు ఫోను. కొత్త లాడ్జి కట్టాడు, రిసెప్షన్లో పెట్టడానికి పెద్ద బొమ్మ కావాలన్నాడు. నాగేష్ చేను ఫోటో తీసి పంపాను.

"బాగుందన్నా. కానీ నీళ్లు ల్యావు. సూస్తానే నాలుక పీకతాంది. మా లాడ్జిలో దిగినోడు దీన్ని సూసి ఇంగో రెండు వాటర్ బాటిళ్లు అడుగుతాడు."

"మంచిదే కదా, అమ్ముకో."

"అట్ల కాదన్నా. ఒక కుంట ఎయ్యి. పచ్చగా, సల్లగా."

వేశాను. చేను దిగువన, ఎద్దులకు ఎడమ పక్కన, ఆ మూల ఖాళీగా ఉంది కాబట్టి. ఒక నీలిగీత, దాని కింద కాస్త వెలుగు. బొమ్మ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టయింది. భగీరథుడు ఎన్నేళ్లో తపస్సు చేశాడు. నాకు అరగంట పట్టింది.

మార్చి 14

నూగు. తడి రంగు మీద పత్తి నూగు వాలి అతుక్కుంటోంది. నా మబ్బులు నిజమైన పత్తితో తయారైనవి.

మార్చి 20

మధ్యాహ్నం ఉరుకుందప్ప గోడౌన్‌కు వచ్చాడు. ఒక చేతిలో కొబ్బరికాయ, బెల్లం, ఇంకో చేతిలో కొత్త టవలు. ఎవరో చెప్పారట, విశ్వేశ్వరయ్య శెట్టి కొడుకని. నాయన కూడా అక్కడే ఉన్నాడు, తూకం రాళ్లు లెక్క చూసుకుంటూ. ఉరుకుందప్ప వస్తూనే టవలు నా భుజాల మీద కప్పి, వంగి, నా కాళ్లు పట్టుకున్నాడు. నేను ఎగిరి కూలర్ మీద పడ్డాను.

"పడినాయి సార్! రెండించుల నీళ్లు! నువ్వు నిలబడిన తావునే ఏపిచ్చినా. జానెడు అటూ ఇటూ పోనీల్యా!"

"ఏం పడినాయి?"

"నీళ్లు సార్! బోరు లారీవాడు ఇంగ లాభం లేదు, పైపులు తీస్తా అన్యాడు. తీస్తే కాళ్లు ఇరగ్గొడతా, సార్ సూసి సెప్పినాడు అని నేనంటి. ఇంగో రెండు పైపులు దిగేతలికి బుస్సుమని కొట్టింది! మా ఆడోళ్లు ఆ బురదలోనే కూలబడి ఏడ్సినారు."

నాయన లెక్క ఆపి నన్ను చూశాడు. నేను ఉరుకుందప్పను చూశాను. ఆయన చొక్కా మీద ఇంకా ఆ బురద చుక్కలున్నాయి.

"ఉరుకుందప్పా, నేను బొమ్మలేసేవాణ్ణి. ఇదో సూడు, బొమ్మలు."

"తెల్సు సార్. సర్కారు రహస్యం," అని కన్ను కొట్టి వెళ్లిపోయాడు.

నాయన బెల్లం ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించాడు. "పడినాయి కాబట్టి టవలు కప్పినాడు. పడకుంటే ఏం కప్పుతుండెనో?"

మార్చి 21

నేను నీళ్లున్నాయని అన్నానా? అన్నాను. కానీ ఏ ముఖంతో అన్నాను! ఆ ముఖం చూసినవాడు ఎవడైనా నవ్వాలి. నవ్వకపోవడం ఆయన తప్పు. పైగా నీళ్లు పడ్డాయి. నీళ్లు పడ్డాక ఇంక తప్పెక్కడుంది?

మార్చి 24

నిజం రాయాలి, ఎలాగూ చదివేవాడు లేడు. బాగుంది. నిన్న అంగట్లో ఇద్దరు లేచి నిలబడ్డారు. సాయిశ్రీ నాకు "జలస్వామి" అని పేరు పెట్టింది. రెండు చేతులూ ఎత్తి దీవించాను. టవలు చాలా మెత్తగా ఉంది.

ఏప్రిల్ 1

నాగేష్, హులిగమ్మ వచ్చారు.

గోడౌన్ తలుపు దగ్గర చెప్పులు విడిచి, లోపలికొచ్చి, కాన్వాసు ముందు ఆగిపోయారు. నేను సరిగ్గా అప్పుడే కుంటకు ఇంకో పూత నీలం పట్టించి చేతులు తుడుచుకుంటున్నాను. నాగేష్ తన చేనును గుర్తుపట్టాడు. ఎద్దులను గుర్తుపట్టి నవ్వాడు. తర్వాత నీళ్ల దగ్గరికొచ్చాడు.

"ఈడనా సార్?"

"ఏది?"

"ఆ దిగువ మూల. ఈడ ఉండాయా?"

అప్పుడర్థమైంది. వీళ్లు ఉరుకుందప్ప మాట విని, నీళ్ల కోసం వచ్చారు. గబగబా చెప్పాను, అది నిజం కాదని, ఎమ్మిగనూరులో ఒక లాడ్జి ఆయన అడిగితే వేశానని.

నాగేష్ ఇంత మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "లాడ్జాయప్ప నీళ్లు ఎయ్యమన్యాడు, సరే. యాడ ఎయ్యమని సెప్పినాడా?"

"లేదు."

"సెట్టు కాడ ఎయ్యొచ్చు. గుట్ట కింద ఎయ్యొచ్చు. ఆడే ఎందుకేసినావు?"

ఆ మూల ఖాళీగా ఉందని. బరువు అటు తగ్గిందని. కడపలో నాలుగేళ్లు దీన్నే నేర్చుకున్నాను, ఏ భాషలో చెప్పను? నాగేష్ తలాడించాడు, జవాబు దొరికినవాడిలాగ. చూపుడువేలితో ఆ నీలాన్ని తాకాడు. తడి రంగు వేలికి అంటింది. తుడుచుకోలేదు.

పోయేటప్పుడు హులిగమ్మ మాత్రం వెనక్కి తిరిగింది. "నిజంగా సూసినావా అప్పా?"

"లేదమ్మా. ఒట్టు."

నాగేష్ అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు. వేలు పైకెత్తి పట్టుకుని నడుస్తున్నాడు.

ఏప్రిల్ 2

నేను కాదన్నాను. స్పష్టంగా అన్నాను. ఒట్టు కూడా వేశాను. ఇంతకంటే మనిషి ఏం చేస్తాడు.

ఏప్రిల్ 3

ఉరుకుందప్ప ఫోను. సంతోషంగానే చెప్పాడు. నాగేష్ ఈ ఐతారం ఎద్దులను ఎమ్మిగనూరు సంతకు తోలుతున్నాడట. అవి అమ్మి బోరు వేయిస్తాడట.

"ఎద్దులు ల్యాకపోతే సేద్యమెట్ల?"

"నీళ్లు పడితే ఎద్దులు మళ్ల వస్తాయి సార్."

"పడకపోతే?"

ఉరుకుందప్ప నవ్వాడు. "నువ్వు సూసినాక పడకుండ యాడికి పోతాయి?"

నాయన అడిగింది ఇదే. పడకుంటే ఏం కప్పుతారని. ఆ చేనులో ఇప్పటికే రెండు గొట్టాలున్నాయి, నేను సంచీ తగిలించుకున్నది కాక ఇంకొకటి. మూడోదానిలోనూ దుమ్ము పడితే దున్నడానికి ఏముంటుంది? వాళ్లిద్దరూ గుంటూరుకు సుగ్గికి, మిరపకాయలు కోసే కూలికి, పోవాలి. ఆ చేను బీడు పడుతుంది. నేను ఆ దుమ్ముకు ముందుగానే నీలిరంగు వేసి పెట్టాను.

కుంటను గీకేశాను. మధు ఫోను చేశాడు, నేను ఎత్తలేదు.

ఏప్రిల్ 4

ఉరుకుందప్ప, నాగేష్‌ల ఊరికి పోయి నిజం చెప్పాను. రచ్చకట్ట దగ్గర, పదిమంది ముందు, నిలబడి. నేను నీళ్లు చూసేవాణ్ణి కాదు. ఉరుకుందప్పతో అన్నది తమాషా. నాకు నేల కింద ఏముందో తెలీదు.

నవ్వారు.

మొదట ఒకాయన, తర్వాత అందరూ. ఒక ముసలాయన తొడ కొట్టుకుని మరీ నవ్వాడు. "అబ్బబ్బ, ఏం తమాసా మనిసివప్పా! మొగం సూడు, నవ్వు బిగబట్టుకుని ఎట్ల సెప్తాండాడో!"

నేను బిగబట్టుకున్నది నవ్వు కాదు. ఇరవై మూడేళ్లు కష్టపడి సంపాదించుకున్న ముఖం ఇది. ఇవాళ అవసరానికి ఇంకో ముఖం పెట్టుకుందామంటే లేదు. నాగేష్ కూడా చిన్నగా నవ్వాడు, పెద్దల ముందు నవ్వినట్టు. "పెద్ద బొమ్మలో సూసినా గదా సార్," అన్నాడు, నన్నే ఓదారుస్తున్నట్టు.

"ఆ కుంట చెరిపేసినా నాగేష్."

"మంచి పని సేసినావు. ఇంగెవురికీ తెలీకూడదు."

స్కూటీ దగ్గరికి వచ్చి కూర్చున్నాను. హులిగమ్మ వెనకే వచ్చింది, నెత్తిన ఖాళీ బిందె.

"నువ్వు నిజమే సెప్తివి. నాకు తెల్సు," అంది.

"మరి ఇందాక అందరి ముందు చెప్పొచ్చు కదా!"

"నేనా? నేను వద్దంటే ఆడముండకు ఏం తెల్సు అంటాడు. మా అన్న వద్దంటే వానికి కుళ్లు అంటాడు. నువ్వు వద్దంటే మానుకుంటాడు. దానికేరా నాయనా మొన్న అంత దూరం నీ కాడికి వచ్చింది. నువ్వు బొమ్మలో నీళ్లు పోసి కూసుంటివి!"

కూలర్ మీద పడినప్పటి కంటే గట్టిగా తగిలింది. ఈమె నమ్మి వచ్చిందని నేననుకున్నాను. ఈమె నా చేత కాదనిపించడానికి వచ్చింది.

"ఇప్పుడు చెప్పినా కదమ్మా, అందరి ముందరా."

"యాడ సెప్తివి? తెల్దు అంటివి. తెల్దు అంటే ఉండొచ్చు అనే గదా. ఆయప్పకు అంతే ఇనపడ్తాది. లేవు అని సెప్పు. ఊరికే రచ్చ కాడ కాదు. ఆ మూడుకాళ్లది తెచ్చి, చేన్లో పెట్టి, కన్ను మూసి, ఆ పొద్దు ఎట్ల సూసినావో అట్లనే సూసి, లేవు అని సెప్పు."

"లేవని నాకేం తెలుసమ్మా? ఒకవేళ నిజంగా ఉంటే?"

ఆమె బిందె దించి చంకలో పెట్టుకుంది.

"ఉంటే ఉండనీ. నా ఎద్దులు నాకుంటాయి."

ఏప్రిల్ 5

చేశాను.

ఏప్రిల్ ఎండలో చేనులోకి స్టాండు మోసుకుపోవడం ఇదే మొదటిసారి. ఉరుకుందప్ప ఇచ్చిన టవలు భుజం మీద వేసుకున్నాను. హులిగమ్మ సలహా. నాగేష్ ఉన్నాడు, ఉరుకుందప్ప, ఇంకా కొందరు. ఎద్దులను చేను గట్టున కట్టేశారు. రేపటి సంత కోసం కడిగి, కొమ్ములకు నూనె రాశారు. ఎండకు మెరుస్తున్నాయి.

దిగువ మూలలో స్టాండు పెట్టాను. ఒక కన్ను మూశాను. చెయ్యి చాచాను. కుంచె నిలువుగా పట్టాను. అంతా అదే, జనవరిలో చేసిందే. అప్పుడు నవ్వు ఆపుకోవడానికి దవడ కొరుక్కున్నాను. ఇప్పుడు కుంచె వణుకుతోంది. వణుకు కూడా శాస్త్రంలో భాగమనుకుని అందరూ ఊపిరి బిగబట్టారు.

ఈ చేనును వేసవిలో నేనెప్పుడూ చూడలేదు. నా బొమ్మల్లో ఎప్పుడూ పొద్దుటి వెలుగే, ఎప్పుడూ చలికాలమే. ఇప్పుడు అరికాలు దూరేంత బీటలు. గాలికి మట్టి లేచి ఎద్దుల కళ్లలో పడుతోంది. తుమ్మచెట్టు నేను జరిపిన చోట లేదు, దాని చోట అది ఉంది.

వంగి మట్టి తీసి వాసన చూశాను.

"లేవు."

నాగేష్ కదల్లేదు. "సరిగ్గా సూడు సార్."

"సూసినా. లేవు."

"కొంచెం పైకి? ఆ గట్టు కాడ?"

స్టాండు ఎత్తుకుని గట్టు దగ్గరికి పోయాను. మళ్లీ కన్ను మూశాను. "లేవు."

"మొన్న ఉండె గదా సార్. బొమ్మలో ఉండె."

"అవి పైపైన నీళ్లు నాగేష్. పోయిన వానకాలం తాలూకు. ఇంకిపోయినాయి." నాకు ఇంత బాగా అబద్ధమాడడం వచ్చని తెలీదు. ఎవరూ నవ్వలేదు. నా జీవితంలో నేను చెప్పినదానికి ఎవరూ నవ్వకపోవడం ఇదే మొదలు, అది కూడా అబద్ధమే.

నాగేష్ పోయి ఆ పాత గొట్టం పక్కన కూర్చున్నాడు. దాని మీద రాయిని కాస్త జరిపి, మళ్లీ సరిగ్గా పెట్టాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఉల్లిగడ్డ ఏద్దామనుకున్యా సార్," అన్నాడు. "ఈ మూల నుంచి ఆ మూల దాకా. నిన్న రాత్రి కలలో నాటు గూడా ఏస్తి."

నేను స్టాండు కాళ్లకు అంటిన మట్టి దులిపాను.

హులిగమ్మ పలుపులు విప్పి ఎద్దులను ఇంటి వైపు తిప్పింది. నా పక్క నుంచి పోతూ, నా వైపు చూడకుండా, "దేవుడు సల్లగా సూడనీ నిన్ను," అంది. ఆమె గొంతులో సంతోషం లేదు. ఆమె మొగుణ్ణి చూస్తోంది.

సరే, ఎద్దులు మిగిలాయి. ఇంతటితో అయిపోయిందని స్టాండు మడిచాను. ఉరుకుందప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

"అప్పుడే మడిస్తే ఎట్ల సార్? మిగిలినవి సూడొద్దా?"

"మిగిలినవేంది?"

నడిపించుకుపోయాడు. ఆముదాల చేనులో, దారి పక్కన, తెల్లగా సున్నంతో ఒక వలయం. మధ్యలో పసుపు కుంకుమ పెట్టిన రాయి. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత తలెత్తి చూశాను. ఎదురుగా గుట్ట, దాని పక్కన రెండు రేగుచెట్లు. ఈ దృశ్యం నాకు తెలుసు. గోడౌన్లో గోడకు ఆనించి ఉంది. నవంబరులో నేను ఇక్కడ నిలబడ్డాను.

ఇంకో చేను, ఇంకో వలయం. అవతల ఇంకొకటి. వంక దాటాక ఇంకొకటి.

"నువ్వు యాడాడ నిలబడినావో అన్నీ గుర్తు పెట్టినాం సార్," అన్నాడు ఉరుకుందప్ప, పెళ్లి పందిరి చూపిస్తున్నట్టు. "గొర్లు కాసేటోళ్లను అడిగి మరీ. ఒక్కటి గూడా ఇడ్సలే. బోరు లారీ ఒకే తడవ వస్తే అందరికీ కలిసొస్తాదని మాట్లాడుకున్యారు."

గట్టు మీద కూర్చున్నాను. మంచినీళ్లు తెప్పించారు. తాగలేకపోయాను.

ఏప్రిల్ 6

ఆదివారం. అట్టలన్నీ గోడౌన్ నేల మీద పరిచాను. చలికాలమంతా అక్కడుంది. సాయిశ్రీ వచ్చి, "ఎగ్జిబిషనా జలస్వామీ?" అంది. నా ముఖం చూసి మెల్లగా వెనక్కి పోయింది.

ఒక్కొక్కటి తిప్పి వెనక చూశాను. ప్రతిదాని మీదా రాసుకుంటాను, మంచి అలవాటు. "రేగుచెట్లు, మంచు." "శనగ, పొద్దెక్కాక." "గుట్ట, ఊదారంగు నీడ." "జొన్న కోసిన చేను, కాకులు." ఏ రంగులో ఏ రంగు ఎంత కలిపానో కూడా ఉంది. కాకులు ఎన్నో కూడా ఉంది. ఆ చేను ఎవరిదో ఒక్కదాని మీదా లేదు.

"ఇంతసేపు సూసినోడు ఎవుడూ ల్యాడు" అని ఆమె అన్నప్పుడు నేను వంగి నమస్కారం చేశాను.

నాయన గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. అంతా చెప్పాను, వరసగా, తమాషా చేర్చకుండా. ఆయన తిట్టలేదు. "రేపు పొయ్యి ఎవుని చేను ఎవునిదో కనుక్కో ముందు," అన్నాడు. "పేరు తెలీనోనికి లేదని సెప్పేది ఎట్ల?" ఆ తర్వాత, పోతూ పోతూ, "నెత్తికి గుడ్డ కట్టుకో."

అద్దం ముందు నిలబడి "లేవు" అని చూసుకున్నాను. పెదవి చివర పాత అలవాటు కొద్దీ వంకర తిరిగింది. ఇంకోసారి అన్నాను. ఇంకోసారి.

ఏప్రిల్ 7

ఇవాళ నాలుగు చేలు తిరిగాను. ముందు పేరు అడిగాను, తర్వాత స్టాండు పెట్టాను. రామక్క నమ్మింది, చేతిలో పసుపు కుంకుమ పళ్లెంతో వచ్చినది అట్లాగే వెనక్కి తీసుకుపోయింది. ఇంకో ఇద్దరు నమ్మారు. వాళ్లలో ఒకాయన, ఎన్నాళ్లు కాచుకుంటే వస్తాయని అడిగాడు. వాన పడనీ అన్నాను. నాగేష్ కూడా నా వెంట తిరిగాడు, స్టాండు మోస్తూ. వద్దన్నా వినలేదు. ప్రతి చేనులోనూ నేను "లేవు" అన్నప్పుడల్లా అతని ముఖం కాస్త తేలికైంది. తనొక్కడికే కాదని.

నాలుగోది వంక అవతల, జొన్న కోసిన చేను. ఆసామి పేరు ఈరప్ప. పెద్దాయన, మనవరాలి చెవి కమ్మలు కూడా ఊడదీసి బోరు ఖర్చుకు దాచాడని దారిలో నాగేష్ చెప్పాడు. సున్నం వలయంలో స్టాండు పెట్టాను. కన్ను మూశాను, చెయ్యి చాచాను, మట్టి వాసన చూశాను. అద్దంలో నేర్చుకున్న ముఖంతో, ఏ వంకరా లేకుండా, లేవు పెద్దాయనా అన్నాను. ఒక్క చుక్క లేదన్నాను.

ఆయన నన్ను తేరిపార చూశాడు. తర్వాత బోసినోటితో నవ్వి, నా భుజం మీద గట్టిగా చరిచాడు.

"ఉరుకుందప్ప సెప్పినాడులే, నువ్వు తమాసా మనిసివని. లారీ రేపు పొద్దున్నే వస్తాది. పెందలకాడ రా నాయనా, టెంకాయ నీ చేతనే కొట్టిస్తా."